ఎవరూ లాక్కోలేని సంతోషం: ఎర్రగుంట్ల పేరయ్య జీవితం

తెలుగు నేల మీద దళితులు క్రైస్తవులైన చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది కరువు దగ్గర మొదలుపెడతారు. గంజి కోసం పోయారు, గోధుమ పిండి కోసం పోయారు, పాలపొడి కోసం పోయారు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మా నారాయణఖేడ్ వైపు వాడల్లో ప్రార్థనకు కూర్చున్న ఆడవాళ్లను చూసి కూడా ఇదే మాట అంటారు. అనేవాళ్లలో మతోన్మాదులే కాదు, మనతో పాటు జెండా పట్టి నడిచే మిత్రులు కూడా ఉంటారు. ఆకలి తీరితే దేవుడు అక్కర్లేదని వాళ్ల లెక్క.

ఆ లెక్కకు అందని మనిషి ఒకడున్నాడు. అతని పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు ప్రాంతపు మాదిగ. తోళ్ల పని, తోళ్ల వ్యాపారం అతని బతుకు. తెలుగు మాదిగల్లో వేలమంది నడిచిన దారిని మొదట తొక్కినవాడు. ఒంగోలు, కనిగిరి వైపు ఇప్పటికీ అతని పేరు తెలియని పాత క్రైస్తవ కుటుంబం ఉండదు. మన తెలంగాణ విద్యార్థులకు మాత్రం అతని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

వెతుకులాట

పేరయ్యది తలకొండపాడు. ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్ల దూరంలో, కనిగిరి దిక్కున ఉన్న మెట్ట పల్లె. ఆ కాలంలో మాదిగ బతుకు ఎట్లా ఉండేదో మనకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకు రావాలి. తోలు ఒలిచి, సున్నంలో వేసి, తంగేడు చెక్కతో లందలో నానబెట్టి, రైతుకు చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టి ఇవ్వాలి. కూలి అంటే కళ్లం దగ్గర దయతలచి పోసిన గింజలు. చచ్చిన గొడ్డు మాంసమే కూర. జాతర వస్తే డప్పు కొట్టాలి. వాడ ఆడపిల్లను మాతంగిగా అమ్మవారికి వదిలితే ఊరంతా ఆమెను మొక్కేది, మరునాడు అదే ఊరు ఆమె నీడను తప్పుకునేది.

అయితే పేరయ్య కడు పేదవాడేం కాదు. తోళ్లు కొని ఉత్తరాన ఏలూరు దాకా తీసుకెళ్లి అమ్ముకునేవాడు. నాలుగు ఊళ్లు తిరిగినవాడు, నలుగురి మాట విన్నవాడు. అతనికి కావలసింది తిండి గింజలు కాదు. మనసు కుదురు. దేవుడంటే ఎవరు, ఆయన్ను చేరే దారి ఏది అన్న ప్రశ్న అతన్ని వదల్లేదు.

దళితులకు ఆధ్యాత్మిక ప్రశ్నలు ఉండవని, వాళ్లవి పూట గడిచే చింతలేనని అనుకోవడం ఒక రకం అంటరానితనమే. గుడి తలుపు మూసి ఉన్నా వాడల్లో దేవుడి గురించిన వెతుకులాట ఎన్నడూ ఆగలేదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని పల్లెపల్లెనా చెప్పుకుంటారు. రాజయోగం నేర్పే గురువులు వాడల్లోనే ఉండేవారు. పేరయ్యకు అట్లాంటి గురువు దొరికింది. ఆమె ఆడమనిషి, మాదిగ. పేరు బండికట్ల వీరమ్మ. చదువుకూ గుడికీ దూరం పెట్టబడ్డ కులంలో ఒక స్త్రీ గురువుగా కూర్చుంది, మగవాళ్లు ఆమె దగ్గర ఉపదేశం తీసుకున్నారు. ఇది 19వ శతాబ్దం మధ్యకాలపు మాట. మన చరిత్ర పుస్తకాల్లో వీరమ్మకు చోటు లేకపోవడం మనందరి లోటు.

వీరమ్మ నేర్పిన దాంట్లో ముఖ్యమైన మాట ఒకటుంది. దేవుడు ఆత్మ. రాయిలో, కొయ్యలో ఉండడు. ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని, లోపలికి చూడమంది. పేరయ్య ఆ సాధన నిష్ఠగా చేశాడు. తర్వాత యోగి నాసరయ్య అనే గురువు మార్గం కూడా ఆ ప్రాంతపు మాదిగల్లో పాకింది. అది కూడా ఒక్కడే దేవుడని, విగ్రహాలు వద్దని చెప్పింది. పేరయ్య తానే గురువయ్యాడు. అతని చుట్టూ శిష్యులు చేరారు.

అంటే మిషనరీ రాకముందే పేరయ్య విగ్రహాలను వదిలినవాడు. అయినా అతనికి తృప్తి కలగలేదు. యోగంలో కూర్చున్నంతసేపు నెమ్మది ఉండేది. లేచి లంద దగ్గరికి పోగానే మళ్లీ అదే బతుకు, అదే వెలితి. కళ్లు మూసుకుంటేనే కనిపించే దేవుడు, కళ్లు తెరిచినప్పుడు కూడా తోడుండేవాడు కాలేదు. అతను వెతికింది ఆ తోడునే అని అతని తర్వాతి జీవితమంతా చెబుతుంది.

ఏలూరులో విన్న మాట

తోళ్లు అమ్ముకోవడానికి ఏలూరు వెళ్లినప్పుడు అక్కడి చర్చి మిషనరీ సొసైటీ బోధకుడు ఎఫ్. ఎన్. అలెగ్జాండర్ మాటలు పేరయ్య చెవిన పడ్డాయి. దేవుడు మనిషిగా వచ్చాడని, కూలి ఇంట పుట్టాడని, ఊరి బయట కొయ్య మీద చంపబడ్డాడని విన్నాడు. ఊరి బయట బతికేవాడికి ఆ సంగతి ఎట్లా తాకి ఉంటుందో మనకు తెలుసు. ఊరి బయటే చనిపోయిన దేవుడు తమ వాడలోకి రావడానికి ఎవరి అనుమతీ అడగడు. లోపలి వెలుగు కోసం చూస్తున్న పేరయ్యకు పిలిస్తే పలికే దేవుడు దొరికాడు.

ఇంటికొచ్చి చెప్పాడు. భార్య నాగమ్మ విన్నది. బంధువులు విన్నారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు పని మొదలుపెట్టబోతున్నారని తెలిసి అక్కడికి నడిచి వెళ్లాడు. 1866లో పేరయ్య, నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురమే పెట్టలేదు. అతను అమెరికా నుంచి నెల్లూరు చేరింది 1865లో, ఒంగోలుకు మారింది 1866 సెప్టెంబరులో. జనం నోళ్లలో మిగిలిన పెద్ద కరువు 1876–78 నాటిది. అంటే పేరయ్య వచ్చింది గంజి కేంద్రాలకు పదేళ్ల ముందు. పంచడానికి అక్కడ గింజ లేదు, కూర్చోవడానికి బంగళా లేదు. మిషనరీ మాదిగను వెతుక్కుంటూ రాలేదు. మాదిగే మిషనరీని వెతుక్కుంటూ వెళ్లాడు.

1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిదిమంది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ తలకొండపాడు వెళ్లాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు పడక బట్టలు, వంట గింజలు మూటకట్టుకుని వచ్చి చింతతోపులో కూర్చున్నారు. విన్నారు, అడిగారు, మళ్లీ విన్నారు. అయిదు రోజుల తర్వాత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లను సిద్ధం చేసింది క్లౌ కాదు. అంతకుముందు నెలల తరబడి ఇల్లిల్లూ తిరిగి చెప్పిన పేరయ్య. చుట్టరికాలే అతని దారులు. మేనమామ ఊరు, వియ్యంకుడి ఊరు, తోలు కొన్న ఊరు, చెప్పులు ఇచ్చిన ఊరు. మిషను చరిత్ర దాన్ని మిషను విజయంగా రాసుకుంది. దాన్ని మోసింది మాత్రం మాదిగ బంధుత్వం.

వాడ వైపు తిరిగిన తలుపు

ఒంగోలులో బ్రాహ్మణులు, ఇతర పైకులాల వాళ్లు మొదట్లో క్లౌ పట్ల సుముఖంగానే ఉన్నారు. పిల్లల్ని బడికి పంపారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలియగానే కథ మారింది. వాళ్లను చేర్చుకుంటే మేము రాము అని కబురు పెట్టారు. మిషనరీ ఇరకాటంలో పడ్డాడు. పలుకుబడి ఉన్నవాళ్లు వస్తే పని సులువవుతుంది, మాదిగలు వస్తే తలుపులు మూసుకుపోతాయి.

ఆ రోజు జరిగినది క్లౌ దంపతులు జీవితాంతం చెప్పుకున్నారు. ఒక గదిలో భర్త, ఇంకో గదిలో భార్య హ్యారియెట్, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలింది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివరి భాగం. లోకం ఎన్నిక చేయనివారిని, తృణీకరించినవారిని దేవుడు ఎన్నుకున్నాడని దాని సారం. దాంతో వాళ్లు మాదిగల వైపు నిలబడ్డారు. పైకులాల పిల్లలు బడి వదిలిపోయారు.

ఈ సంఘటనను దైవ నడిపింపు అనేవాళ్లు ఉన్నారు. మేము దాని పక్కన ఇంకో సంగతి పెడతాం. ఆ పుటలు తెరుచుకునేనాటికి పేరయ్యా నాగమ్మా తలుపు బయట నిలబడే ఉన్నారు. వాళ్లు వెనక్కి పోలేదు. పైకులాల వాళ్లు ఏమంటారో చూసి తర్వాత వస్తామని అనలేదు. తమకు దొరికిన సంతోషం తమదేనని, దానికి ఇంకొకరి ఒప్పుదల అక్కర్లేదని తెలిసినవాళ్ల నిలకడ అది. మిషనరీకి ఆ రోజు బైబిలు చెప్పిన పాఠం, దానికి ముందే ఒక మాదిగ జంట చూపించింది.

సంతోషం ఎందుకు నేరమైంది

ఆనందం మనిషిని మెత్తబరుస్తుందని, దేవుడిలో తృప్తి దొరికినవాడు పోరాడడని ఉద్యమాల్లో తరచూ వింటాం. పేరయ్య వెంట నడిచినవాళ్ల విషయంలో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డది.

ఒంగోలు సంఘంలో చేరే మాదిగకు మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి మత నియమాల్లా ఉంటాయి. పల్లెలో వీటి అర్థం వేరు. ఆదివారం పని చేయనంటే, వెట్టికి రమ్మన్నప్పుడల్లా రానని. వారంలో ఒక రోజు తన ఒళ్లు తనదేనని. చచ్చిన గొడ్డు తిననంటే, ఊరు పారేసింది తన కంచంలోకి రానివ్వనని. విగ్రహానికి మొక్కనంటే, జాతరలో డప్పు కొట్టనని, బిడ్డను మాతంగిని చేయనని. ఒక్కొక్కటీ ఊరి పెత్తనం మీద దెబ్బే.

దెబ్బ తగిలిన ఊరు ఊరుకోలేదు. పనులు ఆపారు. అంగట్లో సరుకు అమ్మనివ్వలేదు. కొట్టారు. దొంగతనం కేసులు బనాయించారు. కరణం, మునసబు ఒకటయ్యారు. ఇవ్వాళ సాంఘిక బహిష్కరణ అని మనం ఫిర్యాదుల్లో రాసే మాటకు ఇవన్నీ పాత రూపాలే.

అప్పుడు పేరయ్య చేసిన పని ఏమిటంటే, నడిచాడు. కర్ర, కంబళి పట్టుకుని ఊరూరూ తిరిగాడు. దెబ్బలు తిన్న వాడలో రాత్రి కూర్చుని పాటలు పాడించాడు, ప్రార్థించాడు, యేసు శ్రమల కథ చెప్పాడు. మూడు నెలలకోసారి ప్రచారకులంతా ఒంగోలులో కలిసేవారు. ఏ ఊళ్లో ఎవరికి ఏ కష్టం వచ్చిందో అక్కడ చెప్పుకునేవారు. ఒక ఊరి బాధ ఇంకో ఊరికి తెలిసేది. విడివిడిగా కొట్టించుకునే వాడలు మొదటిసారి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. సంఘం అన్న మాటకు మనం ఇవాళ ఇచ్చే అర్థం అప్పుడే ఆ సమావేశాల్లో మొలకెత్తింది.

ఈ తిరుగుడుకు ఇంధనం కోపం ఒక్కటే అయి ఉంటే ఏడాదికో రెండేళ్లకో ఆరిపోయేది. పేరయ్యకు కోపం కంటే ముందు తృప్తి ఉంది. తాను తక్కువవాడు కాదని అతను వాదించి గెలవాల్సిన పని లేకపోయింది. ఆ సంగతి దేవుడి దగ్గర ఎప్పుడో తేలిపోయింది. ఊరు ఇచ్చే గౌరవం కోసం ఎదురుచూడనివాడిని ఊరు బెదిరించలేదు.

కాలువ గట్టున

1876లో వానలు పోయాయి. రెండేళ్ల పాటు మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. ముందు చచ్చింది గొడ్లు, తర్వాత గొడ్ల మీద బతికే మాదిగలు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులు చేపట్టింది. క్లౌ మూడున్నర మైళ్ల కాలువ పనిని కంట్రాక్టుకు తీసుకుని రాజుపాలెం దగ్గర శిబిరం వేశాడు. మాదిగ ప్రచారకులు మేస్త్రీలయ్యారు. అంతకుముందు కూలీల దగ్గర నిలబడి తిట్టే మేస్త్రీలనే చూసిన జనం, తమతో కూర్చుని తమ కష్టం అడిగే మేస్త్రీలను అక్కడ చూశారు. పగలు మట్టి, రాత్రి మాట. వేలమంది ఆ మాట విన్నారు, ఊళ్లకు తీసుకెళ్లారు.

ఇక్కడ గంజి క్రైస్తవుల వాదన మళ్లీ లేస్తుంది. ఆ వాదన దాటేసే నిజం ఒకటుంది. కరువు నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఆపాడు. సహాయం ముగిసిందని, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది. తాకితే మైల అన్న చేతులే మనుషుల్ని నీళ్లలో ముంచి లేపాయి.

ఆ రోజుకు పేరయ్య బాప్తిస్మం జరిగి పన్నెండేళ్లు. అతనితో మొదలైన నడక అక్కడిదాకా వచ్చింది.

మా నేలకూ ఈ కథకూ

ఒంగోలు కథ నారాయణఖేడ్‌కు ఎందుకని అడగొచ్చు. మాది నిజాం రాజ్యపు మూల, కన్నడ మరాఠీ సరిహద్దు. 2016 వరకు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. మా వైపు సువార్త వచ్చింది వేరే మిషన్ల ద్వారా. మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలి ఇచ్చి కట్టించిన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. క్రిస్మస్‌కు రాష్ట్రమంతా అక్కడికి పోతుంది. ఫొటోల్లో గోపురం కనిపిస్తుంది, రాళ్లు మోసిన మాలమాదిగ తలలు కనిపించవు. ఒంగోలు కాలువైనా, మెదక్ గోపురమైనా, కింద ఉన్నది మనవాళ్ల చెమటే. ఆ చెమటకు పేరు పెట్టాలంటే పేరయ్య లాంటి వాళ్ల కథలు మనమే రాసుకోవాలి.

పేరయ్య గురించి మనకు ఇంత తెలిసిందంటే ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో చెప్పులు కుట్టేవాళ్ల కథలుగా ఇంగ్లీషులో వేసిన పుస్తకం వల్ల. ఆమె మాదిగ పెద్దల నోట విన్న కథలు రాసింది. అందులో మిషనరీ చూపు ఉంది. మాదిగల యోగాన్నీ గురుమార్గాలనూ సువార్తకు మెట్లుగా మాత్రమే చూసే చూపు అది. మేము పేరయ్యను ఆ చూపుతో చదవం. వీరమ్మ దగ్గర కూర్చున్న పేరయ్యా, ఒంగోలు నడిచి వెళ్లిన పేరయ్యా ఒక్కడే మనిషి. వెతకడం మానని మనిషి. అతన్ని క్రైస్తవుణ్ని చేసింది తెల్ల దొర కాదు, అతని సొంత దాహం.

అట్లాగని చర్చిని మోయం. బాప్తిస్మం తర్వాత కూడా కులం పోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరు చర్చిలు కట్టుకున్నాం. కులం చూసి పెళ్లిళ్లు చేస్తున్నాం, కులం చూసి కమిటీలు వేస్తున్నాం. రాజ్యం ఇంకో దెబ్బ కొట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను, ముస్లింలను బయటే ఉంచారు. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ వివక్ష తొలగించమని చెప్పింది. అమలు కాలేదు. 2022లో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మన దగ్గర మతం మారిన దళితుడు కాగితం మీద బీసీ–సి. వాడలో మాత్రం అదే మాదిగ, అదే మాల. ఊరు కులం చూసి కొడుతుంది, ప్రభుత్వం మతం చూసి కాదంటుంది.

దీంతో ఇవ్వాళ మన పిల్లలు రెండు పేర్లతో బతుకుతున్నారు. సర్టిఫికెట్‌లో ఒకటి, ప్రార్థనలో ఒకటి. తమ ఆనందాన్ని దాచుకుంటేనే చదువు, ఉద్యోగం. పేరయ్య ఊరి ముందు దాచనిదాన్ని అతని మునిమనవలు తహసీల్దారు ముందు దాచాల్సి వస్తున్నది. ఇంతకన్నా పెద్ద హక్కుల ప్రశ్న ఏముంటుంది? విశ్వాసం మనిషికి తిండి తర్వాతి విలాసం అనుకుంటే ఈ ప్రశ్న కనిపించదు. అది మనిషి నిలబడే నేల అనుకుంటే కనిపిస్తుంది.

మా వైపు చెరుకు కొట్టడానికి ఏటా కుటుంబాలు మహారాష్ట్ర, కర్ణాటక ఫ్యాక్టరీలకు పోతాయి. పిల్లల్ని, ముసలివాళ్లను వదిలి నెలల తరబడి గుడిసెల్లో ఉంటాయి. ఆ గుడిసెల ముందు రాత్రి దీపం పెట్టుకుని పాడుకునే ఆడవాళ్లు ఎందరో. ముకద్దం అప్పు తీరదు, ఒళ్లు నొప్పి తగ్గదు, అయినా పాడతారు. వాళ్లను మోసపోయినవాళ్లుగా చూసే కార్యకర్త వాళ్లతో ఎక్కువ దూరం నడవలేడు. ఆ పాటలో ఉన్నది లొంగుబాటో, లొంగనితనమో తెలుసుకోవాలంటే ముందు వాళ్ల పక్కన కూర్చోవాలి. కూలి రేటు గురించి వాళ్లతో మాట్లాడాల్సింది కూడా అక్కడే, ఆ పాట అయిపోయాకే.

కూలి కావాలి, భూమి కావాలి, ఎస్సీ హోదా కావాలి. ఇవి ఏ దేవుడూ మన తరఫున సంతకం పెట్టి తెచ్చే హక్కులు కావు, మనమే కొట్లాడాలి. కానీ ఆ కొట్లాటలో అలసిపోకుండా నిలబెట్టేది ఏది అన్న ప్రశ్నకు ఒక జవాబు తలకొండపాడు తోళ్ల వ్యాపారి బతికి చూపించాడు. అతని సంతోషం ఊరు ఇచ్చింది కాదు, దొర ఇచ్చింది కాదు, కరువు ఇచ్చింది కాదు. అందుకే వాళ్లెవరూ దాన్ని తిరిగి తీసుకోలేకపోయారు.